తెరచాపను పేదరికం ఖాతాలో రాయకండి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరంలో తెరచాప మాట ఎత్తితే చాలు, అటు అధికారులూ ఇటు చదువుకున్న కుర్రాళ్లూ ఒకే పాట పాడతారు: అది ఇంజను కొనలేని రోజుల సంగతి. వేగం కావాలంటే స్పీడు బోటు తెప్పించాలి, సరదా కావాలంటే బారువ బీచిలో జెట్ స్కీ పెట్టాలి. గాలిని నమ్ముకుని సముద్రంలోకి పోవడం గతిలేనివాడి పని అన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. అది తప్పని నా వాదన.

వేటకు ఇంజను రావడం మంచిదే, అందులో పేచీ లేదు. గాలి పడిపోయి నడిసముద్రంలో చిక్కుకుని, తెడ్లు వేసి వేసి రెక్కలు పోగొట్టుకున్న తరాన్ని మళ్లీ చాప ఎత్తమనడం దుర్మార్గం. బతుకు కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోయే జిల్లా ఇది. 2018లో అక్కడి నుంచి వేటకెళ్లి పాకిస్తాన్ చెరలో పడి, 2020 జనవరిలో గానీ విడుదల కానివాళ్లు మనవాళ్లే. నేను మాట్లాడేది వేట గురించి కాదు, గంటలో వెళ్లి వచ్చే పరుగు గురించి. వేట లెక్కతో ఆ పరుగును కొట్టిపారేయడమే నా అభ్యంతరం.

చాప అంటే వెనక నుంచి గాలి తోస్తే మెల్లగా సాగేదని చాలామంది ఊహ. వెనకగాలితో పోయే పడవ నిజంగానే గాలిని దాటలేదు. పైగా రెండూ ఒకే దిక్కున పోతుంటే ఒంటికి గాలే తగలక ఉక్కపోస్తుంది. మజా అంతా పక్కగాలిలో ఉంది. అప్పుడు చాప విమానం రెక్కలా పనిచేసి పడవను లాగుతుంది. జోరందుకున్నకొద్దీ చాపకు తగిలే గాలీ పెరుగుతుంది. 2012 నవంబరులో నమీబియా తీరాన పాల్ లార్సెన్ నడిపిన సెయిల్‌రాకెట్ 2 అర కిలోమీటరు దూరాన్ని సగటున గంటకు 121 కిలోమీటర్ల వేగంతో దాటింది. అప్పుడు వీచిన గాలి వేగానికి అది రెండింతలకు పైమాటే. చుక్క ఇంధనం కాల్చలేదు.

మనకు అంత అక్కర్లేదు, పదిహేను చాలు. కాశీబుగ్గ రోడ్డు మీద సైకిలు వేగమది, ఎవరూ తల తిప్పి చూడరు. అదే పదిహేను, నీళ్లకు జానెడు ఎత్తున కూర్చుని, పైకి లేచిన అంచు మీద బరువేసి వెనక్కి వాలినవాడికి గుండె నోట్లోకి తెస్తుంది. ఇంజను రొద ఉండదు కాబట్టి అడుగున నీటి ఒరిపిడీ, తాడు బిగుసుకునే కిర్రుమన్న చప్పుడూ వినిపిస్తాయి. గాలి ఒక్కసారి విసురెత్తితే తాడు వదలాలా, బిగించాలా? రెప్పపాటులో తేల్చుకోవాలి. జెట్ స్కీ వెనక సీటులో కూర్చున్నవాడు టిక్కెట్టు కొన్న సరుకు. తాడు పట్టినవాడు నావికుడు.

ఈ పరుగుకు ఉద్దానం ఒడ్డు వాటమైనది. తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. వేసవి గాలి కూడా దాదాపు ఆ వెంబడే వీస్తుంది. తిన్నగా సముద్రంలోకి పోతే గాలి కుడి చెంపకు, తిరిగొస్తే ఎడమ చెంపకు. రానూ పోనూ పక్కగాలే. సరిగ్గా ఆ కాలంలోనే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, తూర్పు తీరమంతా 61 రోజుల వేట నిషేధం. ఇంజను బోట్లు ఒడ్డెక్కుతాయి. ఇంజను లేని సంప్రదాయ పడవలకు ఆ నిషేధం వర్తించదు. గాలి ఉంది, తీరిక ఉంది, పనెరిగిన చేతులున్నాయి. లేనిది చాపే.

కేరళవాళ్లు 1952లో మొదలైన నెహ్రూ ట్రోఫీ పడవ పందేలను ఇప్పటికీ నడుపుతున్నారు. తెడ్డు పేదరికమని అక్కడెవరూ సిగ్గుపడలేదు. కెరటమే లేని హుస్సేన్ సాగర్‌లో హైదరాబాదు పిల్లలు తెరచాప పడవలు నేర్చుకుని పోటీలకు వెళ్తున్నారు. ఇక్కడేమో సభల్లో కళింగ నావికుల ఘనత చెప్పి చప్పట్లు కొట్టించుకునే పెద్దలే, ఆ నావికులను దేశాలు దాటించిన గాలిని చిన్నచూపు చూస్తున్నారు.

ప్రమాదం కాదా అంటారు. ప్రమాదమే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ కొబ్బరితోటలను ఏం చేసిందో ఎవరూ మరచిపోలేదు. కెరటం విరిగేచోట పడవ అడ్డం తిరిగితే ఈతగాడికీ దెబ్బలు తప్పవు. తుపాను హెచ్చరిక ఉన్న రోజు ఎవరూ దిగకూడదు. ఏ కెరటం వెనక దూకాలో తెలిసిన పాత తెప్ప మనిషి పక్కన లేకుండా అసలే దిగకూడదు. కానీ జెట్ స్కీ మాత్రం భద్రమా? గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే తాబేళ్లకు స్పీడు బోటు ప్రొపెల్లరు పెట్టే గాయం చాప పెట్టదు గదా! కిడ్నీ జబ్బులున్న చోట సరదాలేమిటని మరో దెప్పు. జబ్బుందని ఈ ఊళ్లలో పిల్లలు కబడ్డీ మానేశారా?

పర్యాటక శాఖకూ, మత్స్యశాఖకూ ఒకటే మనవి. జెట్ స్కీలకు టెండరు పిలిచే ముందు, వచ్చే నిషేధ కాలానికి బారువలోనో భావనపాడులోనో నాలుగు చిన్న తెరచాప పడవలు, సరిపడా లైఫ్ జాకెట్లు, కాపలాకు ఒక ఇంజను బోటు ఏర్పాటు చేయండి. తెప్ప నడిపిన పెద్దలను గురువులుగా పెట్టి జీతమివ్వండి. మొదటి శిక్షణ ఆ ఊరి మత్స్యకారుల పిల్లలకే ఇవ్వండి, ఆడపిల్లలతో సహా.