ప్రయాణికుని ప్రశ్నయు, సంభాషణయంత్రపు బదులును: భిలాయి తెలుగువారి సందర్భము

పరప్రాంతమునకు పోవు యాత్రికునకు కావలసిన సామగ్రిలో మొదటిది మాట. త్రోవ తెలియకున్నను, అడుగుటకు భాషయు, అడిగినదానిని గ్రహించి బదులు చెప్పువాడును ఉన్నచో ప్రయాణము సాగును. ఈ సంగతిని ఏనుగుల వీరాస్వామి బాగుగా నెరిగినవాడు. ఆయన మదరాసు సుప్రీముకోర్టులో దుబాసీ. 1830 మే నెలలో బయలుదేరి, కాశికి పోయి, తూర్పుతీరము వెంట మరలి, 1831 సెప్టెంబరులో మదరాసు చేరెను. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రలో మజిలీలు, దూరములు, నీటివసతి, దొరకు సరకులు మున్నగునవి వివరముగా నున్నవి. తరువాత వచ్చు యాత్రికుడు ఏమి అడుగునో ముందుగా నూహించి వ్రాసిన గ్రంథమది. ఆ చూపు ఆయనకు దుబాసీ వృత్తి వలన అబ్బినదనుట అతిశయోక్తి కాదు.

నేడు దుబాసీ పనిని యంత్రమునకు అప్పగించుచున్నారు. చాట్‌బాట్ అని వ్యవహారములోనున్న సంభాషణయంత్రము, మనుష్యుడు వ్రాసిన లేక పలికిన ప్రశ్నకు వాక్యరూపమున బదులిచ్చును. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి. యందు జోసెఫ్ వైజెన్‌బామ్ ప్రకటించిన ఎలైజా దీనికి ఆద్యరూపము. అది ప్రశ్నలోని మాటలనే త్రిప్పి అప్పగించెడిది. దానికి లోకజ్ఞానము లేదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన పిమ్మట, అపారమైన వాఙ్మయమునుండి నేర్చిన యంత్రములు సామాన్యుని చేతికి వచ్చినవి. మనదేశమున రైలు ప్రయాణికులకై 2018 అక్టోబరులో ఆస్క్ దిశ ఆంగ్లమున ఆరంభమై, 2020లో హిందీని చేర్చుకొన్నది. భారతీయ భాషల నడుమ యంత్రానువాదమునకై భాషిణి 2022లో ఆరంభమైనది. దాని సాయముతో 2025 నాటి ప్రయాగ మహాకుంభమునకు సిద్ధపరచిన సహాయక్, హిందీ, ఆంగ్లము, మరి తొమ్మిది భారతీయ భాషలలో యాత్రికులకు సేవ చేయుటకు ఉద్దేశింపబడెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 జనవరి 30న 161 సేవలతో మన మిత్రను వాట్సాప్‌లో ప్రవేశపెట్టినది.

ఈ యంత్రములు ఉపయోగకరములా కావా యను చర్చకు ఇక కాలము మించిపోయినది. అవి వచ్చినవి. భాషాపండితులు విచారింపవలసిన ప్రశ్న వేరు. యంత్రమునకు తెలుగు వచ్చునని చెప్పినపుడు, ఆ తెలుగు ఎవరిది? ఈ ప్రశ్నకు పరీక్షాస్థలముగా భిలాయి మిక్కిలి తగినది.

భిలాయి ఉక్కు కర్మాగారమునకై భారత, సోవియట్ ప్రభుత్వముల నడుమ 1955 ఫిబ్రవరిలో ఒడంబడిక జరిగినది. మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఆరంభించిరి. కర్మాగారముతోపాటు సెక్టారులుగా విభజించిన నగరము వెలసినది. దేశపు నాలుగుచెరగులనుండియు కార్మికులు వచ్చిరి. వారిలో ఉత్తరాంధ్రమునుండి వచ్చిన తెలుగువారు పలువురు. పార్వతీపురము నుండి రాయపూరు వరకు రైలుదారి 1931లోనే పూర్తియైయుండుటచే వారికి ఈ త్రోవ సుగమమైనది. ఆనాడు సోవియట్ నిపుణునకును భారతీయ కార్మికునకును నడుమ దుబాసీలు నిలిచిరి. కొలిమివద్ద మాట తప్పుగా చేరినచో ప్రాణహాని. కావున అచటి దుబాసీ తనకు బోధపడని మాటను ఊహించి చెప్పుట కంటె, మరల అడుగుటయే ధర్మము. ఈ ధర్మమును యంత్రములు నేర్వవలసియున్నది.

భిలాయిలో పుట్టిపెరిగిన తెలుగు యువకునకు హిందీ వచ్చును, ఛత్తీస్‌గఢీయు కొంత తెలియును. అతనికి తెలుగు యంత్రముతో పని యేమని కొందరు అడుగవచ్చును. అతనికి పని లేకపోవచ్చును. అయితే అతని ఇంటికి కానుపు చూడ వచ్చు అమ్మమ్మకు, పెండ్లికి వచ్చు పెదనాన్నకు, పాలకొండ ప్రాంతమునుండి ఒంటరిగా బయలుదేరిన మేనత్తకు పని యున్నది. 2024 సెప్టెంబరు 16న ఆరంభమైన దుర్గ్–విశాఖపట్టణము వందేభారత్ బండి ఈ రాకపోకలను మరింత సులభపరచినది. బండి వేగము పెరిగినది గాని, బండిని గూర్చి అడుగువారి భాష మారలేదు.

మొదటి చిక్కు స్థలనామములలోనే యున్నది. రాయపూరునుండి దుర్గ్ వైపు పోవునపుడు భిలాయి, భిలాయి పవర్‌హౌస్, భిలాయినగర్, దుర్గ్ అను స్టేషనులు వరుసగా వచ్చును. విశాఖపట్టణమునుండి వచ్చు పై బండి దుర్గ్ వరకు పోవును. దాని పేరులో భిలాయి లేదు. “భిలాయికి బండి ఎప్పుడు?” అని అడిగిన ముదుసలికి, భిలాయి అను పేరుగల స్టేషనును మాత్రమే వెదకి “బండి లేదు” అనుట అక్షరార్థమున తప్పు కాకపోవచ్చును, బదులుగా మాత్రము అది తప్పే. ఏ సెక్టారులోని బంధువుల ఇంటికి పోవలెనో అడిగి, దిగవలసిన చోటు చెప్పునదే సరియైన బదులు. దుర్గ్ అను పేరునకు తెలుగు విభక్తి చేరినపుడు మరియొక చిక్కు పుట్టును. “దుర్గుకు” అనినచో ఊరు, “దుర్గకు” అనినచో అమ్మవారు. పలుకుబడిలో ఈ రెండింటి నడుమ భేదము సన్నని అచ్చు మాత్రమే. “దుర్గగుడి” అనినచో తెలుగువాని మనస్సునకు బెజవాడ ఇంద్రకీలాద్రి తోచును గాని ఛత్తీస్‌గఢ్ తోచదు.

ఇటువంటివి ఇంకను గలవు. ఇటుక కట్టడమైన లక్ష్మణాలయమునకు ప్రసిద్ధి చెందిన సిర్పూరు మహాసముంద్ జిల్లాలోనిది; తెలుగువారు తరచుగా వినెడి సిర్పూరు కాగజ్‌నగర్ తెలంగాణములోనిది. బస్తరులో ఇంద్రావతిపై నున్న జలపాతము చిత్రకోట్. రామకథలోని చిత్రకూటము ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్‌ల సరిహద్దున నున్నది. పేర్లు దగ్గర, ఊళ్లు దూరము. భిలాయి చూడవచ్చిన బంధువులు మైత్రీబాగ్ చూచిన పిమ్మట ఏమి చూడవలెనని అడిగినచో, పేరు పోలికచేత యంత్రము వారిని వందల మైళ్లు తప్పుదారి పట్టింపవచ్చును. ఛత్తీస్‌గఢ్‌ను గూర్చి తెలుగున లభించు వాఙ్మయము స్వల్పము. వాఙ్మయమునుండియే నేర్చు యంత్రమునకు ఈ స్వల్పత్వమే గొప్ప లోపము. ఖాళీ యున్నచోట అది మౌనము వహింపక, వినుటకు ఇంపైన కల్పనతో దానిని పూరించు ప్రమాదము గలదు.

రెండవ చిక్కు వ్యవహారభాషకు సంబంధించినది. శ్రీకాకుళము వైపు మనిషి “భిలాయెల్లాలి, బండెన్నింటికుంది?” అనును. ఇందు రెండే పదసముదాయములు చెవికి వినవచ్చును. వానిలో ఊరిపేరు, పోవలెనను అభిప్రాయము, వాహనము, వేళ, ఉనికి అన్నియు సంధిలో కలిసియున్నవి. “వెళ్ళాలి” యందలి వకారము లోపించినది, ళకారము లకారమైనది. “ఏమిటి”కి మారుగా “ఏటి” వచ్చును. గ్రాంథికపు “వెళ్లవలెను”ను, పత్రికలలోని “వెళ్లాలి”ని మాత్రమే నేర్చిన యంత్రమునకు ఈ తెలుగు పరభాషవలె నుండును. ఈ మాటలనే రోమను లిపిలో వ్రాయువారు పలువురు; అందు హ్రస్వదీర్ఘములు, లళలు, నణలు తరచుగా ఏకమగును. ఇక బదులు సంగతి. ప్రయాణికుడు “వెయిటింగు లిస్టు” అని అడుగగా, యంత్రము “నిరీక్షణ జాబితా” అనినచో అది శుద్ధమైన తెలుగే కావచ్చును గాని ఆతనికి ఉపకరింపదు. టిక్కెట్టు, బెర్తు, తత్కాల్, ప్లాటుఫారము అనునవి నేడు తెలుగు మాటలే.

వ్యవహారములో నిలిచిన భాషకు శాస్త్రగౌరవము కావలెనని పోరాడిన గిడుగు వేంకట రామమూర్తి ఈ ప్రాంతమువాడే. 1863లో శ్రీకాకుళము ప్రాంతమున జన్మించి, పర్లాకిమిడిలో అధ్యాపకుడై, సవర భాషను ఆ జనుల నోటనే విని నేర్చి, 1931లో దాని వ్యాకరణమును ఆంగ్లమున ప్రకటించెను. భాషను మాటలాడువారినుండి నేర్వవలెనను ఆయన పద్ధతి నేడు యంత్రమునకును వర్తించును. అయితే యంత్రము ప్రతి మాండలికమునను మాటలాడవలెనని దీని భావము కాదు. మాండలికమును అనుకరించు యంత్రము పెద్దలకు వెక్కిరింపుగా తోచవచ్చును. అది అన్ని మాండలికములను గ్రహింపవలెను. అందరికి బోధపడు సులభశైలిలో, “మీరు” అను మన్ననతో బదులీయవలెను. గ్రహణమున వైశాల్యము, ప్రయోగమున మితము: ఇదియే ఉచితమైన నియమము.

మూడవ చిక్కు మధ్యవర్తి భాషవలన కలుగును. తెలుగు ప్రశ్నను హిందీలోనికో ఆంగ్లములోనికో మార్చి, అచట బదులు వెదకి, మరల తెలుగు చేయు పద్ధతియందు భాషాస్వభావము జారిపోవు చోట్లు గలవు. తెలుగున నిన్న వేరు, రేపు వేరు. హిందీలో రెండును “కల్”. మొన్నయు ఎల్లుండియు “పరసోఁ”. క్రియ యున్నచోట కాలము తెలియును. ప్రయాణికుల ప్రశ్నలు తరచుగా క్రియారహితములు. “నిన్నటి బండి సంగతి?” అనునది ఆలస్యముగా నడచుచున్న బండిని గూర్చిన ప్రశ్న. అది “కల్ కీ గాడీ”యై, మరల “రేపటి బండి”యై తిరిగి వచ్చినచో, స్టేషనులో వేచియున్న మనిషి బండి పోగొట్టుకొనును. అటులనే “మేము”, “మనము” అను భేదము హిందీ “హమ్”లో లేదు. “మేము బయలుదేరుచున్నాము” అను వార్త “మనము బయలుదేరుచున్నాము”గా మారినచో, వినువాడు తానును ప్రయాణము కావలెనని భ్రమపడును. 1990ల దశకమునుండి తెలుగు–హిందీ అనుసారకపు కృషిలో ఇటువంటి భేదములను వ్యాకరణదృష్టితో పరిశీలించిన అనుభవము మన విద్వాంసులకు కలదు. క్రొత్త యంత్రముల ధారాళతను చూచి ఆ అనుభవమును మూలబెట్టుట వివేకము కాదు.

తప్పు బదులునకు బాధ్యులెవరను ప్రశ్నయు మిగిలియున్నది. కెనడాలో దగ్గరి బంధువు మరణించిన ప్రయాణికునకు, ఎయిర్ కెనడా సంస్థ సంభాషణయంత్రము టిక్కెట్టు రాయితీని గూర్చి తప్పు సమాచార మిచ్చినది. యంత్రము చేసిన దానికి యంత్రమే బాధ్యమను రీతి వాదమును అచటి న్యాయాధికరణము 2024 ఫిబ్రవరిలో త్రోసిపుచ్చి, సంస్థయే నష్టపరిహార మీయవలెనని తీర్పు చెప్పినది. ఆ ప్రయాణికునకు ఆంగ్లము వచ్చును, ఫిర్యాదు చేయు త్రోవయు తెలియును. పాలకొండ మేనత్తకు ఈ రెండును లేవు. ఆమె తప్పు స్టేషనులో దిగినచో ఆ తప్పు ఏ దస్తరములోను నమోదు కాదు. తనకు చదువు లేకపోవుటయే కారణమని ఆమె తననే నిందించుకొనును. అందుచేతనే బలహీనుని భాషలో యంత్రమును నిలుపునపుడు జాగ్రత్త ఇనుమడింపవలెను. యంత్రము తనకు తెలియనపుడు తెలియదని చెప్పవలెను. ఆపై విచారణ కిటికీవద్ద నున్న మనుష్యునకు ప్రశ్నను అందింపవలెను. యంత్రము వచ్చినదని ఆ కిటికీని మూయుట ప్రయాణికునకు ద్రోహము.

యంత్రనిర్మాణము ఇంజనీర్ల పని, తెలుగుశాఖలకు ఇందు స్థానమేది యను సందేహము కలుగవచ్చును. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటము ఇందుకు సమాధానము. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున వెలువడిన ఆ వ్యవసాయపదకోశము, పొలములలో రైతుల నోట విన్న మాటలతో నిర్మింపబడినది. నేడు ప్రయాణమునకు సంబంధించి అట్టి పని జరుగవలెను. విజయనగరము, పార్వతీపురము, రాయగడ, రాయపూరు, దుర్గ్ స్టేషనులలో తెలుగువారు అడుగు ప్రశ్నలను వారి అనుమతితో, వారి పేర్లు విడిచి, ఉన్నవి ఉన్నట్లు సేకరింపవచ్చును. ఛత్తీస్‌గఢ్ స్థలనామములు తెలుగువారి నోట పొందు రూపములను, అవి విభక్తులతో కూడు తీరును పట్టికగా కూర్పవచ్చును. యంత్రపు బదులు సరియా కాదా యని నిర్ణయించుటకు, ప్రయాణము చేయు పెద్దలనే పరీక్షకులుగా కూర్చుండబెట్టవచ్చును. ఇది ఒకరిద్దరు పరిశోధకులు శ్రద్ధతో చేయదగిన పని. భిలాయిలో మొదటితరము కార్మికులు వృద్ధులై తరలిపోవుచున్నారు. వారు తెచ్చుకొన్న పలుకు వారి మనుమల నోట హిందీతో కలిసి మారుచున్నది. ఈ సేకరణకు జాగుచేసినకొలది సామగ్రి తరుగును.

వీరాస్వామి వ్రాసినది తన త్రోవను మాత్రమే. సంభాషణయంత్రము అన్ని త్రోవలును తెలిసినదానివలె మాటలాడును. ఆ ధైర్యమే దాని గుణము, దాని ప్రమాదమును. దానికి తెలుగు నేర్పుట యనగా నిఘంటువు నప్పగించుట కాదు. అడుగువారు ఎట్లు అడుగుదురో నేర్పుట, ఏ భిలాయి యని తిరిగి అడుగుట నేర్పుట. ఈ పాఠము చెప్పవలసిన బాధ్యత భాషాశాఖలది. వారు చెప్పనిచో యంత్రము నేర్వక మానదు. అయితే అది నేర్చు తెలుగులో పాలకొండ మేనత్త ప్రశ్నకు చోటుండదు.