సంతకం పెట్టిన చెయ్యే జవాబు చెప్పాలి

సత్యం కంప్యూటర్స్ కుంభకోణం మాటెత్తితే ఈనాటికీ మన నోట వచ్చేది ఒక్క పేరే. కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు మోసం చేశాడు, ఒప్పుకున్నాడు, జైలుకెళ్ళాడు, కథ కంచికి మనం ఇంటికి. ఈ కథలో సగమే ఉంది. మిగతా సగం తలుచుకోవడానికి మనకు మనసొప్పదు. అందులో ఉన్నది మనలాంటి వాళ్ళు మరి. బాగా చదువుకుని, మంచి ఉద్యోగాల్లో కుదురుకుని, చూపించిన చోట సంతకం పెట్టినవాళ్ళు.

2009 జనవరి 7న మోసం ఒప్పుకుంటూ రాజు రాసిన లేఖ మళ్ళీ తెరవండి. 2008 సెప్టెంబరు నాటి లెక్కల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్ల రూపాయలని చూపారు. అందులో 5,040 కోట్లు అసలు లేవు. లేని డబ్బును ఏళ్ళ తరబడి ఉన్నట్టు చూపడం ఒక్క మనిషి వల్ల అయ్యే పనేనా? చేయని పనులకు బిల్లులు పుట్టాలి. దర్యాప్తులో అలాంటివి ఏడు వేలకు పైగా తేలాయి. బ్యాంకులో లేని ఫిక్స్‌డ్ డిపాజిట్లకు కాగితాలు పుట్టాలి. వాటిని ఎవరో ఖాతాల్లోకి ఎక్కించాలి. అంతర్గత ఆడిట్ చూసీ చూడనట్టు ఊరుకోవాలి. బయటి ఆడిటర్ అంతా సవ్యంగా ఉందని రాసివ్వాలి. బోర్డు తలూపాలి. ఈ వరుసలో ఒక్కరు అడ్డం తిరిగినా అబద్ధం అక్కడే ఆగిపోయేది.

ఆడిటర్ల సంగతే చూడండి. బ్యాంకు నిల్వ ఎలా నిర్ధారించుకోవాలో ఏ సీఏ విద్యార్థిని అడిగినా చెబుతాడు. బ్యాంకుకు ఆడిటరే రాయాలి, జవాబు నేరుగా ఆడిటర్‌కే రావాలి, మధ్యలో కంపెనీ చెయ్యి తగలకూడదు. ఈ పనిని ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థలు సత్యం యాజమాన్యం చేతుల్లోనే వదిలేశాయని అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2011 ఏప్రిల్‌లో ఇచ్చిన ఉత్తర్వులో రాసింది. ఆ సంస్థలు 60 లక్షల డాలర్ల జరిమానా కట్టాయి. ఎవరి లెక్క తనిఖీ చేయడానికి ఫీజు తీసుకున్నారో వాళ్ళు తెచ్చిచ్చిన కాగితాన్నే సాక్ష్యంగా పుచ్చుకున్నారు! దీన్ని పొరపాటు అనే నోరు నాకు లేదు. ఇది విధి ఎగ్గొట్టడం.

ఇక బోర్డు. 2008 డిసెంబరు 16న రాజు కుటుంబం నడిపే రెండు మైటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొనాలన్న ప్రతిపాదన వచ్చింది. దొంగ ఆస్తుల చోట నిజం ఆస్తులు నింపే ఆఖరి ప్రయత్నం అదేనని తర్వాత రాజే లేఖలో రాశాడు. ఆ బోర్డులో మాజీ కేబినెట్ కార్యదర్శి ఉన్నారు, హార్వర్డ్ ఆచార్యుడు ఉన్నారు, ఐఎస్‌బీ డీన్ ఉన్నారు. ప్రశ్నలు వేశారు. వేసి, ఏకగ్రీవంగా ఆమోదించారు. బయట మదుపరులు భగ్గుమంటే గంటల్లోనే ఆ నిర్ణయం వెనక్కి పోయింది. వాళ్ళకు అంత త్వరగా తట్టిన అనుమానం లోపల కూర్చున్న మేధావులను ఎందుకు ఆపలేదు? ప్రశ్న వేసినంత మాత్రాన బాధ్యత తీరదు. జవాబు నమ్మకం కలిగించకపోతే ‘నేను ఒప్పుకోను’ అని మినిట్స్‌లో రాయించాలి. స్వతంత్ర డైరెక్టర్‌ను కూర్చోబెట్టేది అందుకే.

ఇదంతా చెబితే, ‘అయినా 108 పెట్టిన మనిషి కదండీ’ అంటారు మనవాళ్ళు. 2005లో మొదలైన ఆ అంబులెన్సులు ఎన్నో ప్రాణాలు కాపాడాయి. నిజమే, దండం పెడదాం. కానీ ఆ పుణ్యం చూపించి ఈ లెక్క కొట్టేయడానికి మనమెవరం? లేఖ బయటికొచ్చిన ఒక్కరోజులో సత్యం షేరు 179 రూపాయల నుంచి 40కి పడింది. ఆ షేర్లలో కష్టార్జితం దాచుకున్నవాళ్ళు మాఫీ చేశారా? మనవాడని వెనకేసుకొచ్చే ప్రతి మాటా రేపు తప్పుడు లెక్క రాయబోయేవాడికి ధైర్యం నూరిపోస్తుంది.

2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులని తేల్చి, ఏడేళ్ళ జైలు వేసింది. వాళ్ళలో ఇద్దరు బయటి ఆడిటర్లు, అంతర్గత ఆడిట్ అధిపతి, ఆర్థిక విభాగం ఉద్యోగులు కూడా ఉన్నారు. యజమానికీ కింది ఉద్యోగికీ అదే ఏడేళ్ళు. మరుసటి నెలలోనే పై కోర్టు శిక్ష నిలిపి బెయిలిచ్చింది, అది వేరే సంగతి. పైవాళ్ళు చెబితే చేశామనుకునే ప్రతి ఉద్యోగీ ఆ పదిమంది జాబితా ఒకసారి చదువుకోవాలి.

2013 కంపెనీల చట్టం ఆడిటర్‌కు మోసం కనబడితే ప్రభుత్వానికి చెప్పి తీరాలంది. లిస్టెడ్ కంపెనీల్లో తప్పు బయటపెట్టే ఉద్యోగికి రక్షణ ఉండాలంది. మంచిదే. కానీ మార్చి నెలాఖరు రాత్రి, బాస్ పక్కన నిలబడి ‘ఈ ఒక్కదానికి సర్దుకో’ అన్నప్పుడు చట్టం వచ్చి మీ చెయ్యి పట్టుకోదు. అక్కడ ఉండేది మీరొక్కరే.

అందుకే కామర్స్ చదివే పిల్లలకీ, ఆడిట్ సంస్థల్లో చేరే కుర్రాళ్ళకీ, బోర్డుల్లో కూర్చునే పెద్దలకీ ఒకటే మాట. అనుమానం వస్తే కాగితం మీద అడగండి. బ్యాంకుకు మీరే రాయండి. ఒప్పుకోకపోతే రికార్డులో పెట్టండి. అదీ కుదరకపోతే కారణం రాసి మరీ రాజీనామా ఇవ్వండి. ఉద్యోగం ఇంకొకటి దొరుకుతుంది. సంతకం పెట్టేశాక మాత్రం, నాకు తెలియదనే హక్కు మీకు లేదు.