విదేశపు పీపా – స్వదేశపు లొట్టి

ఐరోపాయాత్ర చేసివచ్చిన మనవారు ఈ నడుమ ఒక క్రొత్త తీర్థమును గూర్చి చెప్పుచున్నారు. అది బెల్జియమునందో బవేరియాయందో ఒక చిన్న యూరి బీరు తయారీశాల. రాగిబానలు, మొలకెత్తిన బార్లీ వాసన, తాతలనాటి పాకము, పూర్వుల వృత్తిని విడువని వృద్ధుడు — వీనిని వర్ణించునపుడు వారి కన్నులు చెమ్మగిల్లును. ఆ యాత్రికులే వరంగల్లు బాటలో ఘట్‌కేసర్ దాటునపుడు, మోకు బిగించి తాడెక్కు గౌడుని జూచి ముఖము త్రిప్పుకొందురు. అచ్చట కళ, ఇచ్చట కల్లు! ఇది యెక్కడి న్యాయము?

పులియుటకు సూక్ష్మజీవులే కారణమని పాశ్చరు పండితుడు 1876లో ప్రకటించిన బీరు గ్రంథమున విశదపరచెను. బీరునకు ధాన్యపు పిండిని చక్కెరగా మార్చి, కాచి, చల్లార్చి, యీస్టు చేర్చవలెను. తాడిచెట్టు తియ్యని నీటిని తానే యిచ్చును. లొట్టిలోని యీస్టు కొన్ని గంటలలోనే దానిని పులియబెట్టును. శాస్త్రదృష్టికి ఈ రెండును తోబుట్టువులే. అయినను బెల్జియము బీరు సంస్కృతిని యునెస్కోవారు 2016లో మానవజాతి వారసత్వములలో చేర్చిరి. మన గీతకానికి దక్కినది చీదరింపు.

“అట్లైన మీరు పానమును పొగడుచున్నారా?” అని సోదరీమణులు ప్రశ్నింపవచ్చును. కాదు. 1992లో నెల్లూరు మండలమున దూబగుంట స్త్రీలు సారాపై లేచిన దినములను మరచువాడు తెలుగువాడు గాడు. వారి పట్టుదలవలన 1993లో సారా నిషిద్ధమయ్యెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో ఆ నిషేధమును సడలించినది పాలకుల ఖజానా దాహమేగాని ఆ తల్లుల యోటమి గాదు. రాజ్యాంగములోని 47వ అధికరణము నేటికిని మద్యనిషేధమునకు యత్నింపుమని ప్రభుత్వమును ఆదేశించుచునే యున్నది. నా వాదము పానమును గూర్చినది గాదు. మన పక్షపాతమును గూర్చినది. ధనికుని గాజుపాత్రలోనిది సంస్కృతియు, కూలివాని ముంతలోనిది పాపమును ఎట్లగును? దోషమైన రెండును దోషమే.

విదేశమునుండి తేదగినది యొకటి గలదు. అది వారి గ్లాసు గాదు, కట్టుబాటు. 1516లోనే బవేరియా ప్రభువులు బీరున బార్లీ, హాప్ పూవులు, నీరు తప్ప వేరేమియు చేర్చరాదని శాసించి, ధరను గూడ నిర్ణయించిరి. ఐదువందల యేండ్లు గడచినను మన కల్లు దుకాణమున అట్టి యభయము లేదు. క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రాజోలమ్ వంటి మత్తుమందులు కలిపిన నీటిని కల్లని అమ్ముచున్నారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున అట్టి కల్తీకల్లు పలువురి ప్రాణములు గొనెను.

కారణమును వెదుక దూరము పోనక్కరలేదు. చెట్టు ఇచ్చినంతయే కల్లు. ఉప్పల్, నాచారములు దాటి ఘట్‌కేసర్ వరకును పొలములు ఇండ్లస్థలములుగా మారినవి. చెట్లు తరిగినవి, త్రాగువారు తరుగలేదు. ఆ వెలితిని పూరించునది చెట్టు గాదు, పొడి. దోషము చెట్టెక్కువానిది గాదు. నేలమీద కూర్చుండి కలుపువానిది, కలుపుట చూచియు చూడని అధికారిది. నింద మాత్రము చెట్టెక్కువాని నెత్తిన పడుచున్నది.

ప్రాణమును మోకునకు వ్రేలగట్టి చెట్టెక్కు ఈ పనివారికి రక్షణసాధనములు ‘కాటమయ్య రక్ష’ పేర 2024లో గాని పంపిణీకి రాలేదు. హైదరాబాదు నెక్లెస్ రోడ్డున నీరా కేఫు 2023లో తెరువబడెను. మంచిదే, కాని ఒక దుకాణము వృత్తిని నిలుపదు. లొట్టికి సున్నము పూసి, తెల్లవారకముందే దింపి, చల్లగా నుంచిన నీరా మత్తెక్కింపదు. దానిని కాచిన తాటిబెల్లమగును. ప్రతి కల్లు దుకాణమున సరకును పరీక్షించి ఫలితమును వాకిట వ్రాయింపవలెను. చెట్టును నరికినవాడు చెట్టును నాటవలెను. గౌడునికి నీరా, బెల్లముల అంగడి చూపవలెను. త్రాగుడు తరిగినను వాని పొట్ట నిండవలెనుగదా!

గృహిణులారా, గృహస్థులారా! పండుగనాడు మీ యింట పంచదారకు బదులు తాటిబెల్లము కొనుడు. పెండ్లివిందున సీమసీసాలను పేర్చి, వాకిట గౌడుని కల్లువాడని యీసడింపకుడు. పరదేశపు పనివాని చేతిని మెచ్చుట యెరిగిన మనకు, మన యూరి పనివాని చేతిని మెచ్చుట చేతగాకున్న, ఆ యాత్రలవలన మనకు కలిగినది జ్ఞానము గాదు, ప్రయాణపు బడలిక మాత్రమే.