ఆటగానికి వేతనము – పెంచిన ఊరికి పాలు

డబ్బు వచ్చి విద్యార్థుల ఆటలను చెరచినదను మాట ఈ మధ్య మన సంఘ సమావేశములలోను, పెండ్లి పందిళ్లలోను తరచుగా వినవచ్చుచున్నది. అమెరికాలో చదువుకొనుచున్న పిల్లలుగల కుటుంబములు మనలో కొన్ని కలవు. అక్కడి వార్తలు వారి ద్వారా కల్యాణసింగ్‌పూర్ వరకు వచ్చి చేరుచున్నవి. కళాశాల పక్షమున ఆడు బాలురు సొమ్ము పుచ్చుకొనుచున్నారట; ఏటేట కళాశాలలు మార్చుచున్నారట; ఇక చదువెక్కడ, శీలమెక్కడ అని మనవారు నిట్టూర్చుచున్నారు. ఈ నిట్టూర్పుతో నేను ఏకీభవింపజాలను. వేతనము పుచ్చుకొనుట తప్పు కాదు. తప్పు వేరొక చోట నున్నది. దానిని చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

ముందుగా జరిగినదేమో తెలిసికొందము. అమెరికా కళాశాల క్రీడలలో పెత్తనము 1906లో ఏర్పడిన ఎన్.సి.ఏ.ఏ. అను సంస్థది. టిక్కెట్ల వలనను, టెలివిజను హక్కుల వలనను కోట్ల డాలర్లు వచ్చుచుండగా, శిక్షకులకు గొప్ప జీతములు ముట్టుచుండగా, ఆడిన బాలుడు మాత్రము విద్యార్థి వేతనమునకు మించి పుచ్చుకొనుట నేరమని ఆ సంస్థ చిరకాలము శాసించెను. చదువునకు సంబంధించిన సదుపాయములపై అది విధించిన హద్దులు చెల్లవని 2021 జూన్ 21న ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. ఆ జూలై 1 నుండి తమ పేరును, బొమ్మను ప్రకటనలకిచ్చి ధనము గడించుటకు విద్యార్థులకు అనుమతి లభించెను. 2025 జూన్ 6న న్యాయస్థానము ఆమోదించిన ఒడంబడికతో కళాశాలయే ఆటగాండ్రకు నేరుగా చెల్లింపవచ్చునని తేలెను. మొదటి ఏటికి ఒక్కొక్క కళాశాలకు హద్దు సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. పూర్వము పెద్ద ఆటలలో కళాశాల మారినవాడు ఒక సంవత్సరము ఊరక కూర్చుండవలసి యుండెను. 2021లో ఒక పర్యాయమునకు ఆ నిర్బంధము తొలగెను. 2024 నుండి చదువు సక్రమముగా నున్నవాడు ఎన్ని మారులు మారినను వెంటనే ఆడవచ్చును.

ఇందులో మనకు వింత యేమి? ఆటకు కూలి మన దేశమున క్రొత్త కాదు. నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమున పుట్టిన కర్నల్ సి.కె. నాయుడు గారిని హోల్కరు సంస్థానమువారు తమ సైన్యమున ఉద్యోగమిచ్చి పోషించిరి. ఆయన 1932లో భారత జట్టునకు తొలి టెస్టు నాయకుడై, 1953–54లో రంజీ పోటీలలో తొలిసారి అడుగిడిన ఆంధ్ర జట్టునకు కూడ నాయకత్వము వహించెను. జట్టు మారినాడని ఆయనను ఎవరైన నిందించిరా? మన పొరుగున వీరఘట్టమున జన్మించిన కోడి రామమూర్తి నాయుడు గారు విజయనగరమున వ్యాయామోపాధ్యాయులుగా నుండి, పిమ్మట సర్కసు నడిపి తమ బలముతోనే ధనమార్జించిరి. శ్రీకాకుళపు బిడ్డ కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సున కాంస్యము గెలిచినది; ఆమెకు ఆహార సంస్థలో ఉద్యోగము దొరకినది. రైల్వే, పోలీసు, బ్యాంకు ఉద్యోగములన్నియు ఆటకు మన దేశమిచ్చు కూలియే గాని వేరు కాదు.

కూలి లేని ఆటయే పవిత్రమను సిద్ధాంతమెవరిదో కూడ ఎరుగుట మంచిది. 1879లో ఇంగ్లండునందలి హెన్లీ పడవ పందెములవారు చేతిపనివారిని, కూలివారిని పోటీలకు అనర్హులని నిబంధన వ్రాసికొనిరి. మడిమాన్యములు గలవాడు జీతము లేక ఆడగలడు. కూలివాని బిడ్డ ఆడజాలడు. కనుక కూలిని నిషేధించినచో కూలివాని బిడ్డ తానే తొలగిపోవును. అమెరికా ఆదివాసి వీరుడు జిం థార్ప్ 1912లో స్టాక్‌హోమున రెండు స్వర్ణపతకములు గెలిచెను. అంతకు పూర్వము స్వల్ప కూలికి బేస్‌బాలు ఆడినాడని 1913లో వానిని లాగికొనిరి. ఆయన 1953లో మరణించెను. పతకముల ప్రతిరూపములు 1983లో ఆయన సంతానము చేతికి వచ్చెను. ఈ పవిత్రతయేనా మనవారు కోరునది?

మన సీమకు రండి. నియమగిరి వాలులు ఎక్కి దిగు కొండ పిల్లలకు పరుగు ఎవరును నేర్పనక్కర లేదు. నాగావళి ఒడ్డున చెడుగుడు ఆడు మన దుకాణదారుల పిల్లలకును ఒంటిలో సత్తువ కలదు. లేనిది తీరిక, లేనిది తిండి. పదవ తరగతి దాటగనే ఇంట లెక్క మొదలగును: వీడు మైదానమునకు పోవునా, కొట్టున కూర్చుండునా? ఖేలో ఇండియా పథకమున ఎంపికైన ఆటగానికి నెలకు 10,000 రూపాయలు చేతి ఖర్చునకు ఇచ్చుచున్నారు. ఆ సొమ్ముతో ఆ యింటి లెక్క మారును. దానిని చూచి చదువు చెడెనని దుఃఖించువారు, సొమ్ము రానినాడు ఆ పిల్లవాడు ఏ చదువు చదివెనో చెప్పవలెను.

ఇక తప్పు ఎచట నున్నదనగా, అది బదిలీలో నున్నది. గుమాస్తాగా నేను విద్యార్థుల బదిలీ పత్రములు వ్రాసినవాడను. ఆ కాగితమున తండ్రి పేరు, పుట్టిన తేదీ, బకాయి లేదను మాట ఉండును. ఎవరు పరుగు నేర్పిరి, ఎవరు బూట్లు కొని యిచ్చిరి అను గడి అందులో లేదు. పెద్ద పట్టణపు కళాశాల తయారైన ఆటగానిని ఫీజు మినహాయింపుతో చేర్చుకొనును. పతకము దాని ఖాతాలో జమ పడును. ఖర్చు మాత్రము పల్లెటూరి పాఠశాల ఖాతాలో మిగులును. జమ ఒకచోట, ఖర్చొకచోట వ్రాయు లెక్కను ఏ తనిఖీదారుడు ఒప్పుకొనును?

హైదరాబాదు చరిత్ర చూడుడు. రహీం గారి శిక్షణలో అక్కడి పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు మారులు రోవర్స్ కప్పు గెలిచెను. పిమ్మట మేటి ఆటగాండ్రు కలకత్తా సంఘములకు తరలిరి. 1966లో ఈస్టు బెంగాలునకు పోయిన మహమ్మద్ హబీబు గారు 1977లో మోహన్ బగాన్ పక్షమున పీలే ఆడిన కాస్మాస్ జట్టుపై గోలు చేసిరి. ఆయన పోవుట న్యాయమే. కాని ఆయనను పెంచిన వీథి మైదానములకు అందువలన ఏమి దక్కెను? 1963లో రహీం గారి మరణము మొదలగు కారణములు కూడ తోడై, ఆ నగరపు వైభవము క్షీణించెను. ఇప్పటి కబడ్డీ వేలములందు 2023లో తెలుగు టైటాన్సువారు పవన్ సెహ్రావత్ అను ఢిల్లీ ఆటగానికి 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలు పలికిరి. అట్టి ధర పలుకు ఆటగానికి తొలిపాఠము చెప్పిన బడి ఆ వేలమున కానరాదు.

అట్లైన బదిలీలను నిషేధింపుడని కొందరందురు. అది మరింత ఘోరము. అప్పు పేర మనిషిని కట్టివేయు గోతి పద్ధతి మన కోరాపుట్టు సీమను ఎంత పీడించెనో పెద్దలెరుగుదురు. 1948లో దానిని రద్దు చేయుటకు ప్రత్యేక శాసనము కావలసి వచ్చెను. బదిలీ పత్రమును బిగపట్టి బాలుని ఆపుట గోతికి తమ్ముడే. బాలుడు పోవలెను, పాలు తిరిగి రావలెను. ఇది ఊహ కాదు. ప్రపంచ ఫుట్‌బాలు సంస్థ 2001 నుండి, దేశము దాటి జరుగు బదిలీ రుసుములో నూటికి 5 వంతులు, ఆటగానికి 12 మొదలు 23 ఏండ్ల వరకు శిక్షణ ఇచ్చిన సంఘములకు పంచవలెనని నియమించెను. ఫుట్‌బాలునకు తగినది మన పరుగునకు, కబడ్డీకి తగదా?

కావున మనము కోరవలసినవి మూడు. ఒకటి, ఆటగానిని చేర్చుకొను కళాశాల ఇచ్చునదేమో కాగితముపై వ్రాసి, తలిదండ్రులకు తెలుగుననో, ఒడియాననో, కువిలోనో చదివి వినిపింపవలెను. రెండు, కాలు విరిగినను చదువు పూర్తియగువరకు ఆ సదుపాయము నిలువవలెను. నేడు పేపరులో ఫొటో వేయించి రేపు ఫీజు అడుగుట దగా. మూడు, ఆటగానిపై చేయు ఖర్చులో ఒక వంతు మొదటి బడి మైదానమునకు చేరవలెను.

మైదాన ప్రాంతపు విద్యాలయములను ఇట్లు అడుగుటకు మనకు అధికారము కలదు. జయపురాధీశులు విక్రమదేవవర్మ గారు ఏటేట లక్ష రూపాయల విరాళముతో ఆంధ్ర విశ్వకళాపరిషత్తును నిలిపిరి. అక్కడి విజ్ఞానశాస్త్ర కళాశాలకు వారి పేరు పెట్టిరి. మన్నెపు సొమ్ము నాడు మైదానమునకు పోయెను. నేడు మన్నెపు బిడ్డలు పోవుచున్నారు. బిడ్డలు గెలిచినప్పుడు దండలు వేయుటతో మన సంఘము తృప్తి పడరాదు. వారు సంతకము చేయునాడు ప్రక్కన నిలిచి, ఆ కాగితమును చదివి చెప్పు పెద్ద మనిషి ఒకడు ప్రతి వీథిలో నుండవలెను. చదువు వచ్చిన మనకు ఇది భారము కాదు, బాధ్యత.