రిపోర్టులు నార్మల్... బాధ నిజం!

చోడవరం నుంచి విశాఖ బస్సెక్కాలంటే కొందరికి ముందురోజు రాత్రి నుంచే గుబులు. సీటు దొరకదని కాదు, దారిలో కడుపు మెలిపెడితే ఎలాగని! అందుకే టిఫిన్ మానేస్తారు. పెళ్లిళ్లకూ ఏదో సాకు చెప్పి తప్పించుకుంటారు. పరీక్షలు చేయిస్తే అన్నీ నార్మల్. ‘అంతా నీ భ్రమ’ అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు.

భ్రమ కాదు. దాన్ని ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్... ఐబీఎస్ అంటారు. పేగులో పుండూ గడ్డా ఉండవు కాబట్టి స్కానింగ్‌లో కనపడదు. పేగుకీ మెదడుకీ మధ్య నరాల ద్వారా నడిచే సమాచారం గాడి తప్పుతుంది. మామూలు కదలిక కూడా నొప్పిగా తెలుస్తుంది. నొప్పితో దిగులు, దిగులుతో మళ్లీ నొప్పి... గానుగెద్దు తిరుగుడే!

దీన్ని ఆపడంలో సగం పని రోగి చేతిలోనే ఉంది. రెండు వారాలపాటు ఏం తిన్నారు, నొప్పి ఎప్పుడొచ్చింది, ఆరోజు మనసెలా ఉంది, ఎంతసేపు నిద్రపోయారు... నోటుపుస్తకంలో రాయండి. కొందరికి పాలు, ఉల్లి, వెల్లుల్లి, శనగలు పడవు. మరికొందరికి తిండితో పనిలేదు, ఇంటర్వ్యూ ఉందంటే చాలు! అనుమానం ఉన్నవన్నీ ఒక్కసారే మానేయకుండా ఒక్కోటీ ఆపి చూడండి. వేళకు తినండి, రోజూ నడవండి, టీ, కాఫీ తగ్గించండి. పొట్ట కదిలేలా నెమ్మదిగా ఊపిరి తీయడం సాధన చేయండి. భయంతో మానేసిన ప్రయాణాలను మొదట అనకాపల్లి దాకా, ఆనక విశాఖ దాకా మెల్లగా మొదలుపెట్టండి.

ఇవన్నీ ఉత్త ఓదార్పు మాటలు కావు. మందులతో తగ్గని 558 మంది ఐబీఎస్ రోగులపై బ్రిటన్‌లో జరిగిన అధ్యయనం 2019లో వెలువడింది. ఆలోచననీ అలవాట్లనీ మార్చుకునే పద్ధతిని ఫోన్‌లోనో, ఇంటర్నెట్‌లోనో నేర్చుకున్నవాళ్లకు ఏడాది తర్వాత కూడా బాధ తక్కువగానే ఉంది.

డాక్టరు డిప్రెషన్ మందు రాశారని బెదిరిపోవద్దు. అలాంటి మందుల్లో కొన్ని తక్కువ మోతాదులో పేగు నొప్పినీ తగ్గిస్తాయి. అయితే మలంలో రక్తం, బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపేసే నొప్పి, యాభై దాటాక కొత్తగా మొదలైన బాధ... వీటిలో ఏది ఉన్నా ఐబీఎస్ అని సరిపెట్టుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి.

దిగులు మరీ ఎక్కువై బతుకు మీదే విరక్తి కలుగుతుంటే 14416కి ఫోన్ చేయండి. 2022లో కేంద్రం ప్రారంభించిన టెలీమానస్ ఇది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక ఇంట్లోవాళ్లు చేయాల్సింది ఒక్కటే. నొప్పి ఉందంటే నమ్మడం!