రచ్చకెక్కిన తీర్పు

"తీర్పు నచ్చకపోతే అప్పీలు చేసుకో, అంతేగాని రచ్చకెక్కకు." ఈ హితవు మనలో వేదవాక్కై కూర్చుంది. కులపెద్దల పంచాయతీ మొదలుకొని సుప్రీంకోర్టు దాకా, పీఠమెక్కినవారి నిర్ణయాన్ని నలుగురిలో ప్రశ్నించడం మర్యాద కాదనీ, చెప్పుకోవలసినది ఉంటే చాటుగా విన్నవించుకోవాలనీ పెద్దలు సెలవిస్తూ ఉంటారు. ఇందులో వినయం పాలు తక్కువ, భయం పాలు ఎక్కువ అని నా అభిప్రాయం. నిర్ణయాన్ని పాటించవలసినదే, సందేహం లేదు. కాని పాటించడం వేరు, అది సరైనదేనని పదిమంది ముందు నటించడం వేరు. మొదటిది పౌరధర్మం. రెండవది దాస్యం.

అసలు "రచ్చ" అన్న మాటకు మనం చేసిన అన్యాయం చూడండి. రచ్చ అంటే పదిమంది కూడే చోటు. ఊరి తగవు రచ్చబండ మీద తీరేది. తీర్పరి ఏమన్నాడో, ఎందుకన్నాడో దారిన పోయేవాడు కూడా వినేవాడు. అటువంటి మాట నేడు తిట్టుగా మారింది. "రచ్చకీడ్చాడు" అంటే పరువు తీశాడని అర్థం. న్యాయం జరిగే చోటి పేరే అవమానానికి పేరయిందంటే, బహిరంగత అంటే మనకు ఎంత జంకో తెలుస్తూనే ఉంది.

హైదరాబాదు పాతబస్తీలో, మూసీ దక్షిణపు ఒడ్డున, ఎర్రరాతి గుమ్మటాలతో నిలిచిన హైకోర్టు భవనాన్ని ఎరగని తెలుగువాడు అరుదు. 1920లో ప్రారంభమైన ఆ భవనం నిజాం కాలపు హైకోర్టుకూ, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకూ, 2019 నుంచి తెలంగాణ హైకోర్టుకూ నెలవైంది. ఇన్ని ప్రభుత్వాలు మారినా ఆ ఆవరణలో మారని ఆచారం ఒకటుంది. తీర్పు వెలువడిన సాయంత్రం మదీనా చౌరస్తాలో చాయ్ తాగుతూ నల్లకోట్లవారు దానిని ఈకకు ఈక, తోకకు తోక పీకి పెడతారు. మరునాడు ఉదయం అదే ధర్మాసనం ముందు శిరసు వంచి నిలబడతారు. గోష్ఠిలో గొంతెత్తినవాడు వేదిక మీద మూగవాడు. దీనినే మనం "న్యాయస్థానం పట్ల గౌరవం" అని పిలుచుకుంటున్నాము!

ఈ ఆచారాన్ని ఈ నగరంలోనే ఒకాయన తప్పాడు. 1987 నవంబరు 28న హైదరాబాదు బార్ కౌన్సిల్ సభలో నాటి కేంద్ర న్యాయశాఖ మంత్రి పి. శివశంకర్ ప్రసంగించారు. ఆయన పూర్వాశ్రమంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి. సుప్రీంకోర్టు న్యాయమూర్తులు పైవర్గాల నుంచి వచ్చినవారనీ, ఉన్నవాళ్ళ పట్ల, జమీందార్ల పట్ల వారికి దాచుకోలేనంత సానుభూతి ఉన్నదనీ ఆయన నిండు సభలో అన్నారు. విదేశీ మారకద్రవ్య చట్టాన్ని ఉల్లంఘించినవారికీ, కోడళ్ళను తగలబెట్టినవారికీ ఆ కోర్టు ఆశ్రయమైందన్నంత దాకా వెళ్ళారు. ఊరుకుంటారా? పి.ఎన్. దుడా అనే న్యాయవాది కోర్టు ధిక్కారమంటూ సుప్రీంకోర్టు తలుపు తట్టారు.

1988 ఏప్రిల్‌లో జస్టిస్ సవ్యసాచి ముఖర్జీ, జస్టిస్ రంగనాథన్‌ల ధర్మాసనం ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. న్యాయమూర్తులూ, న్యాయపాలనా ప్రజల విమర్శకు అతీతం కాదని చెప్పింది. న్యాయపాలనకు ఆటంకం కలగనంత వరకు విమర్శను స్వాగతించవలసిందేనన్నది. న్యాయమూర్తిగా పనిచేసిన మనిషి వాడకుండా ఉండవలసిన మాటలు ప్రసంగంలో కొన్ని ఉన్నాయని చురక కూడా వేసింది. భాష మెత్తగా, వాస్తవాలు పదునుగా ఉంటే మంత్రిగారి ప్రయోజనం అంతకన్నా బాగా నెరవేరేదని సూచించింది. విమర్శకు గురైన పీఠమే విమర్శించే పద్ధతిని నేర్పడం కంటే పెద్దరికం ఏముంటుంది? ఆ తీర్పుతో సుప్రీంకోర్టు పరువు ఇసుమంత తగ్గిందా? నాకు తెలిసి పెరిగింది.

మరి అన్నివేళలా ఇలాగే జరిగిందా అంటే, లేదు. కేరళ ముఖ్యమంత్రిగా ఉండగా ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ 1967 నవంబరులో దాదాపు ఇదే మాట అన్నారు. బొజ్జగల ధనికుడూ చదువులేని పేదవాడూ కోర్టు కెక్కి, సాక్ష్యం ఇరువైపులా సమానంగా తూగితే, న్యాయమూర్తి మనసు అప్రయత్నంగా ధనికుని వైపే మొగ్గుతుందని ఆయన వాదన. కేరళ హైకోర్టు వెయ్యి రూపాయల జరిమానా వేసింది. 1970లో సుప్రీంకోర్టు దానిని యాభైకి తగ్గించింది కాని నేరం నేరమేనన్నది. ఆయనకు మార్క్సు సరిగ్గా అర్థం కాలేదని పాఠం కూడా చెప్పింది! 2020 ఆగస్టులో ప్రశాంత్ భూషణ్‌కు పడిన జరిమానా ఒక్క రూపాయి. ఒకరికి యాభై, ఒకరికి రూపాయి, మరొకరికి ఏమీ లేదు. గద్దె మీద ఉన్నవారి సహనాన్ని బట్టి సాగదీసుకునే కొలబద్దను కొలబద్ద అనగలమా?

చట్టం మాత్రం మనం భయపడుతున్నంత కఠినం కాదు. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టంలోని 5వ సెక్షన్, విచారణ ముగిసి తీర్పు వెలువడిన కేసు గుణదోషాల మీద సమంజసమైన విమర్శ నేరం కాదంటుంది. 2006 సవరణతో, ప్రజాప్రయోజనం కోసం సద్బుద్ధితో చెప్పిన సత్యాన్ని సమర్థనగా స్వీకరించే వీలు కూడా కల్పించారు. అయినా "న్యాయస్థానాన్ని అపకీర్తి పాలు చేయడం" అన్న మాట ఆ చట్టంలో ఇంకా వేలాడుతూనే ఉంది. ఆరు నెలల జైలు, రెండు వేల రూపాయల జరిమానా దాకా శిక్షకు అవకాశమూ ఉంది. ఈ నేరాన్ని మనకు అంటగట్టిపోయిన ఇంగ్లండే 2013లో తన చట్టం నుంచి దానిని తొలగించుకుంది. అక్కడి న్యాయమూర్తుల గౌరవం అందువల్ల కూలిపోలేదు.

ఇక ఎదుటివారి వాదాలు చూద్దాం. "అప్పీలు ఉన్నది కదా" అన్నది మొదటిది. అప్పీలు కక్షిదారుడి హక్కు. కాని తీర్పు కక్షిదారుడితో ఆగిపోతుందా? ముల్కీ నిబంధనలు చెల్లవని 1972 ఫిబ్రవరిలో ఈ మూసీ ఒడ్డు హైకోర్టు చెప్పింది. చెల్లుతాయని అదే ఏడాది అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టులో పోరాడినవారు కొద్దిమంది. రెండు తీర్పుల మధ్య నలిగినవారు ఉద్యోగాల కోసం కనిపెట్టుకుని ఉన్న లక్షలాది యువకులు. వారికి ఏ అప్పీలున్నది? చివరికి 1973లో ఆరు సూత్రాల పథకం, ఆ వెంట రాజ్యాంగ సవరణ వచ్చి వ్యవహారాన్ని మరో దారి పట్టించాయి. రెండు కోర్టులు ఒకే నిబంధనను రెండు విధాలుగా చదివినప్పుడు, మూడవ పాఠం చెప్పే హక్కు ప్రజలకు లేదనడం ఏ న్యాయం?

"అందుకే కదా జై ఆంధ్ర మంటలు రగిలాయి" అంటారు వెంటనే. ఇది రెండవ వాదం, మొదటిదాని కంటే బరువైనది. 1972-73లో ఆస్తులు తగలబడ్డాయి, ప్రాణాలు పోయాయి. అందులో ఒక్కదానినీ నేను సమర్థించను. అయితే రాయి విసరడం ప్రశ్నించడం కాదు, ప్రశ్న పని చేయదన్న నిస్పృహకు అది గుర్తు. ఇదే వివాదంలో ఇరవై ఏళ్ళ ముందటి ముచ్చట చూడండి. హైకోర్టు పొరుగునే ఉన్న సిటీ కాలేజీ దగ్గర 1952 సెప్టెంబరులో ముల్కీ ఉద్యమ విద్యార్థుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. ఆ కాల్పుల సంగతి తేల్చే పని హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డికి అప్పగించారు. ప్రభుత్వ నిర్ణయాన్ని బహిరంగ విచారణకు పెట్టడం ప్రభుత్వానికి తలవంపులు కానప్పుడు, కోర్టు నిర్ణయాన్ని బహిరంగ చర్చకు పెట్టడం కోర్టుకు తలవంపులు ఎలా అవుతుంది?

"పీఠం గౌరవం పోతుంది" అన్నది మూడవది, అందరికీ ప్రియమైనది. నా అసలు తగాదా దీనితోనే. బహిరంగంగా విమర్శించేవాడు తన పేరు చెప్పాలి, తీర్పులో ఏ వాక్యం తప్పో చూపాలి, ఎందుకు తప్పో వాదించాలి. తప్పు చెబితే నలుగురూ నిలదీస్తారు. గుసగుసకు ఈ బాధ్యత ఏదీ లేదు. "ఫలానా జడ్జి ఫలానా కులం వాడట", "లోపల ఏదో జరిగిందట" అంటే చాలు. ఆ "అట"కు ఆధారం అడిగేవాడుండడు, జవాబు చెప్పే అవకాశం ఆ న్యాయమూర్తికీ ఉండదు. నోరు నొక్కితే విమర్శ చావదు, పుకారుగా మారుతుంది. పీఠాల పరువు ఎక్కువగా తీసింది చాయ్ బల్లల దగ్గరి "అట"లే గాని, వేదిక మీది ప్రసంగాలు కావు.

అయితే ప్రశ్నించేవాడికీ ధర్మం ఉంది. కేసు నడుస్తుండగా సాక్షినీ న్యాయమూర్తినీ బెదిరించే మాట విమర్శ కాదు. తీర్పును చదవకుండా తీర్పరి పుట్టుకను తవ్వడం విమర్శ కాదు. తీర్పు నచ్చలేదు కనుక పాటించననడమూ కాదు. పాటిస్తూనే, పేరు పెట్టి, కారణం చూపి, అందరూ వినేటట్లు "ఇది తప్పు" అనడం మాత్రం హక్కు. ఆ మాట అనడానికి మనిషి మాజీ న్యాయమూర్తో, కేంద్రమంత్రో అయి ఉండనక్కరలేదు. శివశంకర్‌కు 1988లో దక్కిన సహనం నాయాపూల్ మీద నిలబడి తన కేసు వాయిదా తేదీ లెక్కపెట్టుకునే సామాన్యుడికి కూడా దక్కాలి. అతనికి దక్కనంత కాలం దానిని హక్కు అనకండి, దయ అనండి.