జూదపు మూలధనము

ఫోనునందు సొమ్మొడ్డి ఆడు ఆటలను దేశమంతట నిషేధించు శాసనము 2025 ఆగస్టు 22 న రాష్ట్రపతి యామోదమును బడసినది. దీనిని మేము స్వాగతించుచున్నాము. ఆంధ్రప్రదేశమున 2020 సెప్టెంబరునందే ఆర్డినెన్సు ద్వారా యిట్టి నిషేధము వచ్చినను, హిందూపురమునకు సమీపముననే కర్ణాటకపు టెల్ల కలదు. అచ్చట 2021 లో చేసిన నిషేధమును 2022 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర హైకోర్టు కొట్టివేసెను. ఈవల నేరమైనది ఆవల నేరము కాకపోయెను. ఆ లోపము తీరినది. కాని శాసనమునకు లొంగని వాద మొకటి మిగిలియున్నది.

పోకరను పేకాట నాడువారు తమది జూదము కాదనియు, లెక్క గల వ్యాపారమనియు చెప్పుదురు. పందెపు మొత్తము ముందుగనే నిర్ణయింపబడిన ఆటలో, పెద్ద పందెమునకు 300 రెట్ల సొమ్మును విడిగా నుంచుకొని గాని దిగరాదని వారి నియమము. పందెము 20 రూపాయలైన 6,000, 200 రూపాయలైన 60,000 కావలయును. ఓటములు వరుసగా వచ్చినను నిలువగలుగుటకే యీ యేర్పాటు. సొమ్ము తరిగినచో చిన్న పందెమునకు దిగవలయును.

ఈ లెక్క తప్పని మేమనము. అయితే యిది యెదుటివారి కంటె మిక్కిలి నేర్పుగలవానికే రక్ష. నిర్వాహకుడు పందెపు సొమ్మునుండి తన పాలు తీసికొనుచునే యుండును. కావున ఆడువారందరి ధనము కలిపి చూచిన తరుగునే గాని పెరుగదు. సామాన్యునకు 300 రెట్లు గాక 3,000 రెట్లున్నను నాశన మాలస్యమగును, తప్పదు. చిల్లికుండ యెంత పెద్దదైనను నీరు నిలువదు.

రమ్మీ ప్రధానముగా నేర్పుపై నాధారపడునని 1967 లో మన రాష్ట్రపు కేసులోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. క్లబ్బులలో ముక్కలు పట్టు పెద్దమనుష్యులు ఆ తీర్పునే చెప్పుకొందురు. పెద్దల కాలక్షేపము పిల్లల చేతి ఫోనులో వ్యసనమైనప్పుడు మందలించు నోరు వారికెట్లు వచ్చును?

అసలా మూలధన మెచ్చటిది? ధర్మవరమున నది మగ్గమునకు పట్టు కొనవలసిన పైకము. హిందూపురమున సరకునకు చెల్లింపవలసిన వర్తకుని సొమ్ము. పెనుకొండ పల్లెలలో వేరుసెనగ విత్తనపు ఖర్చు. పోగొట్టుకొనినను సంసారము చెడని సొమ్మునే ఒడ్డవలయునని ఆ యాటగాండ్ర నియమమే చెప్పుచున్నది. ఆ నియమమును నిజముగా పాటించినచో మన యిండ్లలో నెందరు పందెమునకు కూర్చుండగలరు?

ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు అనంతపుర సీమలో రైతు ప్రతి సంవత్సరము ఆకాశముతో పందెము వేయుచునే యున్నాడు. ఓటములు వరుసగా వచ్చునను ఎరుకయు, నిలువ సొమ్మును ముట్టరాదను కట్టుబాటును అతనికే ముఖ్యముగా కావలయును. మంచి యేట వచ్చిన దానిలో కొంత చెడ్డ యేటికి దాచుట, విత్తనపు పైకమును వేరుగా నుంచుట, తరుగు వచ్చినప్పుడు సాగు తగ్గించుట, వడ్డీ ఋణముతో నష్టమును పూడ్చబూనకుండుట అవసరము. భూస్వాములును వర్తకులును తమ యిండ్లలో మొదట నీ పద్ధతి నెలకొల్పి, జూదమున కప్పిచ్చుట మానుదురుగాక. పొలమునకును మగ్గమునకును చెందిన మూలధనమును కాపాడుట శాసనము పని కాదు. అది యింటి యజమానుని ధర్మము.